చుట్టకో పద్ధతి ఉండేది

ఒరే అబ్బాయ్, నీ చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న ఆ పెన్ను రాసుకునే పెన్ను కాదని నాకు తెలుసు. మామిడిపండు వాసన వేసే ఆవిరి వదులుతుందట. నిప్పక్కర్లేదట, బూడిద రాలదట, పక్కనే మీ అమ్మ కూర్చున్నా పసిగట్టలేదట. ఈ-సిగరెట్ అనే ఈ వస్తువును 2019లో దేశమంతటా నిషేధించారు. తయారు చేసినా, విదేశాల నుంచి తెప్పించినా, అమ్మినా, అమ్మకానికి దాచినా నేరమే. తయారు చేస్తూనో, తెప్పిస్తూనో, అమ్ముతూనో మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేకపోతే లక్ష దాకా జరిమానా, ఒక్కోసారి రెండూనూ. చట్టం అంత గట్టిగా ఉంది. అయినా అది వచ్చి నీ జేబులో కూర్చుంది. మా రోజుల్లో ఇన్ని చట్టాలు లేవు గానీ నీ వయసు కుర్రాడి జేబులోకి పొగాకు రావడం ఇంత సులువుగా ఉండేది కాదు. ఎందుకు ఉండేది కాదో చెబుతాను, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి విను.

మాది ఒంగోలు పక్క పల్లె. మా వైపు ఏ ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి జరిగినా, ఏ కుర్రాడు పట్నం వెళ్ళి చదువుకున్నా, ఏ మిద్దె లేచినా ఆ డబ్బు పొగాకుదే. కాబట్టి ఆ మొక్కను తిట్టడానికి నాకు నోరు రాదు. పొగడడానికి కూడా ఈమధ్య నోరు రావడం లేదు, ఆ సంగతి తర్వాత చెబుతా.

ముందు చుట్ట గురించి విను, నువ్వు చూసి ఉండవు. మా తాత చుట్ట కాల్చడం అంటే ఒక వ్యవహారం. ఇంటి వాడకానికి వేసుకున్న నాటు పొగాకు ఎండి, చూరుకు వేలాడుతూ ఉండేది. అందులోంచి ఓ ఆకు తీసి, నీళ్ళు చిలకరించి మెత్తబడనిచ్చి, నడిమి ఈనె లాగేసి, ముక్కలు లోపల పెట్టి పై ఆకుతో తొడ మీద చుట్టేవాడు. దారం కట్టేవాడు. ఆ పైన నిప్పు కావాలి. అగ్గిపెట్టె దండగ అని మా నాయనమ్మ పొయ్యిలోంచి నిప్పుకణిక తెమ్మని మమ్మల్ని పంపేవాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు అని ఊరికే సామెత పుట్టలేదు, చుట్టకు నిప్పు దొరకడం అంత పని. ఇంతా చేసి ముట్టించాక అది నాలుగు దమ్ములకే ఆరిపోయేది. మళ్ళీ ముట్టించాలి. సగం కాలాక నలిపి ఆర్పి, మిగిలిన ముక్క చూరులో దోపేవాడు, సాయంత్రానికి. పొద్దున్నే ఒకటి పడితే గానీ కాలకృత్యం అయ్యేది కాదు, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి, రాత్రి వాకిట్లో నులకమంచం మీద ఒకటి. నాలుగోదానికి తీరికేదీ? పొలం ఉంది, గొడ్లున్నాయి.

ఇప్పుడో, పెట్టెలో ఇరవై ఉంటాయి, ఒక్కోటి నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఆఫీసు మెట్ల కింద నిలబడి, టీ గ్లాసు ఒక చేత్తో, సిగరెట్టు ఒక చేత్తో, చెవిలో ఫోను. దేన్నీ రుచి చూడడు. పొగ తాగుతున్నానన్న స్పృహ కూడా ఉండదు వాడికి. ఆ మాటకొస్తే టీ తాగుతున్నట్టూ తెలీదు.

పద్ధతి అన్నాను కదా, అదేమిటంటే తండ్రి ఎదుట కొడుకు కాల్చేవాడు కాదు. మా పెదనాన్నకు అరవై దాటాయి, మనవలు పుట్టారు, అయినా మా తాత దగ్గు వినబడితే చాలు, చుట్ట వీపు వెనక్కి వెళ్ళిపోయేది. ఊరి పెద్ద వీధిలో వస్తుంటే అరుగుల మీద చుట్టలు దిగేవి. నీలాంటి కుర్రాడు కొట్టుకెళ్ళి బీడీ అడిగితే కొట్టాయన ఇచ్చేవాడేమో గానీ, సాయంత్రానికల్లా ఆ కబురు వాళ్ళ నాన్న చెవిన పడేది. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగేదో చెప్పక్కర్లేదు. ఇప్పుడు చట్టం ఉంది: 18 ఏళ్ళ లోపువాడికి అమ్మకూడదు, బడికి 100 గజాల లోపల అసలు అమ్మకూడదు. మంచి రూలే. కానీ టేపు పట్టుకుని కొలిచేదెవరు? ఆ బడ్డీకొట్టతనికి నీ పేరు తెలీదు, మీ నాన్న పేరు అంతకన్నా తెలీదు. స్కానర్ మీద డబ్బు పడిందా లేదా, అదొక్కటే తెలుసు.

మా పొగాకుకు పేరూ ఉండేది లోకంలో. గోదావరి లంకల్లో పండే పొగాకుతో చుట్టిన చుట్టను తెల్లవాళ్ళు ‘లంక’ అనే పిలిచేవాళ్ళు. 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ ఈ లంక చుట్టను ప్రస్తావిస్తాడు, హంతకుడు అది కాల్చేవాడని తేలితే వెతికే పని సగం తీరుతుందని. లండన్ డిటెక్టివ్‌కు మన లంక చుట్ట తెలుసు, రాజమండ్రిలో కాలేజీకి వెళ్ళే కుర్రాడికి తెలీదు. మన గిరీశాన్ని చూడు. ‘కన్యాశుల్కం’లో వాడు చుట్ట లేకుండా ఒక్క పూట గడపలేడు, పైగా అదేదో శాస్త్రంలో చెప్పినట్టు శిష్యుడు వెంకటేశానికి పాఠం చెబుతాడు. గురజాడవారు వాణ్ణి మెచ్చుకోమని రాయలేదు, ఆ కాలంలో కుర్రాళ్ళు ఎవరి మాటలు విని ఎలా చెడేవాళ్ళో రాశారు. ఇప్పటి గిరీశాలకు మీసాలు కూడా లేవు, ఫోనులో నిమిషం వీడియో చేసి పదివేల మంది వెంకటేశాలను తయారు చేస్తున్నారు.

సరే, ఈ మొక్క మనదేనా అని అడుగుతావు. కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది, మిరపకాయ వచ్చినట్టే. బీజాపూరు నుంచి అసద్ బేగ్ అనే ఆయన 1604 ప్రాంతంలో అక్బర్ దర్బారుకు పొగాకూ హుక్కా పట్టుకెళ్ళాడు. పాదుషా ఒకటి రెండు దమ్ములు లాగాడు, ఆస్థాన వైద్యుడు వద్దన్నాడు, దర్బారులో పెద్ద వాదనే జరిగింది. 1617లో కొడుకు జహంగీరు పొగతాగడాన్ని నిషేధించాడు. ఆయన నిషేధించాక నాలుగు వందల ఏళ్ళుగా జనం తాగుతూనే ఉన్నారు. అంటే నిషేధం అనే మాట నీ తరంలో కొత్తగా పుట్టలేదు, అది గాలికి పోవడమూ కొత్త కాదు. ఈ విషయంలో మా కాలాన్ని కూడా వెనకేసుకు రాలేను. ఆర్టీసీ బస్సులో ‘పొగ త్రాగరాదు’ అని రాసిన అక్షరాల కిందే కూర్చుని గుప్పుగుప్పుమని ఊదిన పెద్దమనుషులను ఎందరినో చూశాను. కిటికీ పక్కన పసిపిల్లను ఒళ్ళో పెట్టుకున్న తల్లి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది తప్ప ఒక్క మాట అనగలిగేది కాదు. ఇప్పుడా పని ఎవడైనా చేస్తే నలుగురూ దించేస్తారు, 200 రూపాయల దాకా జరిమానా కూడా ఉంది. 2008 అక్టోబరు 2 నుంచి, గాంధీగారి పుట్టినరోజున, బహిరంగ స్థలాల్లో పొగ తాగడం మీద ఆ నియమం అమల్లోకి వచ్చింది. ఆ ఒక్కటి బాగా చేశారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఆకులో ఏముందో తెలుసా? నికోటిన్. అది తయారయ్యేది ఆకులో కాదు, వేళ్ళలో. అక్కడ పుట్టి ఆకుల్లోకి ఎక్కుతుంది. పురుగులు తనను తినకుండా మొక్క చేసుకున్న విషం అది. మేము పొగాకు కాడలు నీళ్ళలో నానబెట్టి, ఆ కషాయం కూరగాయల మీద చల్లితే పేనుబంక రాలిపోయేది. పూత వచ్చే వేళకు పొగాకు మొక్క తల తుంచుతాం, పక్క పిలకలు గిల్లుతాం. అప్పుడు మొక్క బలమంతా ఆకులకు పోతుంది, ఘాటూ పెరుగుతుంది. మంచుపడ్డ పొద్దున తడి ఆకు కోసిన కూలీలకు కళ్ళు తిరిగి వాంతులయ్యేవి, కాల్చకుండానే, ఒంటికి తగిలిన తడిలోంచే విషం ఎక్కేది. చేతులకు నల్లటి జిగురు పట్టి, ఎంత తోమినా పోక, ఆ చేత్తో కలుపుకున్న అన్నం చేదుగా ఉండేది. మా అమ్మ బతికినన్నాళ్ళూ పొగాకు పని రోజుల్లో చెంచాతో తినేది, మా ఇంట్లో చెంచా అలా వచ్చింది.

అంత ఘాటు మొక్క కాబట్టే మొదటిసారి చుట్ట నోట్లో పెట్టిన కుర్రాణ్ణి అదే శిక్షించేది. మా చిన్నాన్న కొడుకు గడ్డివామి చాటున తాత ఆర్పేసిన ముక్క ముట్టించి గట్టిగా పీల్చాడు. రెండో దమ్ముకు ముఖం తెల్లబోయింది, చెమటలు పోశాయి, వాంతి చేసుకుని అక్కడే పడిపోయాడు. మేమంతా చచ్చిపోయాడనే అనుకున్నాం. వాడు ఇప్పటికీ ఉన్నాడు, చుట్ట వాసన పడదు వాడికి. ఎవరూ పాఠం చెప్పలేదు, హెచ్చరిక బొమ్మ లేదు, ఆకే చెప్పింది.

ఇప్పుడు ఆ దెబ్బ లేకుండా చేశారు. అదెలా చేశారన్నది నేను ఈమధ్యే మా మనవరాలి నోట విన్నాను, అది ఫార్మసీ చదువుతోంది. నీడలోనో ఎండలోనో ఆరబెట్టిన నాటు పొగాకు, అంటే చుట్ట పొగాకు, దాని పొగకు క్షారగుణం ఉంటుందట. అందుకని నికోటిన్ నోటిలోనే ఒంటికి పడుతుంది. గొంతులో మంట పుడుతుంది కాబట్టి చుట్ట తాగేవాడు పొగను ఊపిరితిత్తుల దాకా లాగడు, నోట్లో ఆడించి వదిలేస్తాడు. వర్జీనియా పొగాకు అలా కాదు. దాన్ని బ్యారన్‌లో వేడి మీద ఆరబెడితే ఆకులో చక్కెర నిలిచిపోతుంది, పొగకు ఆమ్లగుణం వస్తుంది, మెత్తగా దిగుతుంది. కానీ ఆ పొగలోంచి నికోటిన్ నోటికి సరిగా పట్టదు, గుండెల నిండా పీల్చాల్సిందే. పీలిస్తే పది పదిహేను సెకన్లలో మెదడుకు చేరుతుందట. అక్కడ డోపమిన్ అనే పదార్థం ఊరుతుంది, హాయనిపిస్తుంది, కాసేపటికి ఆ హాయి దిగిపోతుంది, మళ్ళీ కావాలనిపిస్తుంది. రోజుకు ఇరవైసార్లు అలా ఎక్కించి దించితే మెదడు దాన్నే అడగడం మరుగుతుంది. మానితే చిరాకు, నిద్రలేమి, దేని మీదా మనసు నిలవకపోవడం.

ఆ పిల్ల చెబుతుంటే నాకు మనసు మనసులో లేదు. ఎందుకంటే ఆ బ్యారన్ మాదే కదా.

నీకు బ్యారన్ తెలీదు. ఇటుకతో కట్టిన ఎత్తైన గది, కిటికీలు చిన్నవి, లోపల అంతస్తులు అంతస్తులుగా దూలాలు. నేల మీద ఇనప గొట్టాలు తిరిగి ఉంటాయి, బయటి పొయ్యిలో మంట వేస్తే ఆ వేడి గొట్టాల్లో నడుస్తుంది, పొగ మాత్రం ఆకుకు తగలకూడదు. పండిన ఆకును కింది నుంచి పైకి వారానికి రెండు మూడు చొప్పున గిల్లుకుంటూ వస్తాం. చెట్టు కింద ఆడవాళ్ళు వరుసగా కూర్చుని కర్రలకు ఆకు అల్లేవాళ్ళు. ఆ అల్లకం దగ్గర పాటలేమిటి, వెటకారాలేమిటి, పెళ్ళి సంబంధాలు కుదిరేది అక్కడే, చెడేదీ అక్కడే. కర్రలన్నీ బ్యారన్‌లో ఎక్కించి తలుపు మూస్తే అయిదారు రోజుల తపస్సు. మొదట పచ్చ ఆకు పసుపు తిరగాలి, సన్నటి వేడి. తర్వాత రంగు నిలవాలి, వేడి పెంచుతారు. ఆఖరికి ఈనె ఎండాలి, డెబ్బై డిగ్రీల దాకా తీసుకెళ్ళాలి. రాత్రంతా మేలుకుని థర్మామీటరు చూస్తూ మంట వేసేవాడు మా ఊళ్ళో డాక్టరుకన్నా గొప్పవాడు. కునికాడా, ఆకు నల్లబడుతుంది. ఎండిన ఆకొకటి రాలి గొట్టం మీద పడిందా, బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. చిన్నప్పుడు ఆ పొయ్యి దగ్గర చిలగడదుంపలు కాల్చుకు తింటూ, పండిన ఆకు తియ్యటి వాసన పీల్చుకుంటూ పడుకునేవాళ్ళం. ఆ వాసన ఇప్పటికీ గాలిలో ఎక్కడైనా తగిలితే నాకు కాళ్ళు ఆగిపోతాయి. తీసిన ఆకు మండె కట్టి, గ్రేడు చూసి, బేళ్ళు కట్టి పంపితే బంగారం రంగులో ఉండేది. ఆ అందం చూసి మురిసిపోయాం. ఆ తియ్యదనమే పొగను తేలిక చేసి ఊపిరితిత్తుల్లోకి దించుతుందని మాకెవరు చెప్పారు?

1920ల్లో గుంటూరు నేలకు వర్జీనియా విత్తనం వచ్చింది. గ్రాముకు పదివేల పైచిలుకు గింజలు, చిటికెడు తెచ్చినా ఎకరాలు నిండుతాయి. చీరాల, గుంటూరుల్లో కంపెనీలు లేచాయి. 1947లో రాజమండ్రిలో పొగాకు పరిశోధనా సంస్థ పెట్టారు. 1976 నుంచి గుంటూరులో పొగాకు బోర్డు. 1980ల్లో బోర్డు వేలంపాటలు వచ్చాయి, అంతకుముందు వ్యాపారి చెప్పిందే రేటు, బాకీ కింద ఆకు పట్టుకుపోయేవాడు. ఈ వేలం మంచిదేనని రైతుగా ఒప్పుకుంటాను. కానీ దాని వెనకే లైసెన్సు, బ్యారన్ రిజిస్ట్రేషను, ఇంతే పండించాలన్న పరిమితి, మీరితే అపరాధ రుసుము. బర్లీ పొగాకుకు బోర్డు కాపలా లేదు. 2025లో నల్లబర్లీ వేసినవాళ్ళను చూశావుగా, కొంటామన్న కంపెనీలు వెనక్కి తగ్గితే పర్చూరు వైపు రైతులు ఆకు మండెల పక్కన తలపట్టుకున్నారు. చివరికి ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది.

ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖ పొగాకు పండించండి, ఎగుమతి చేయండి, విదేశీ డబ్బు తెండి అంటుంది. ఇంకో శాఖ మానండి, మాన్పించండి అంటుంది. ఇద్దరూ ఒకే ప్రభుత్వం. 1975లో సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక రాయాలని చట్టం చేశారు, చిన్న అక్షరాలు, అదీ ఇంగ్లీషులో. చార్మినార్ తాగే మా ఊరి వాళ్ళలో ఆ ముక్క చదవగలిగినవాడు ఒక్క మాస్టారు, ఆయన కూడా చార్మినారే తాగేవాడు. 2003లో పెద్ద చట్టం వచ్చింది, ప్రకటనలు ఆపారు. 2016 ఏప్రిల్ నుంచి పెట్టెలో 85 శాతం మేర ఆ కుళ్ళిన గొంతుల బొమ్మలు. సినిమాకు వెళితే హెచ్చరిక ప్రకటన ‘ఈ నగరానికి ఏమైంది’ అని మొదలయ్యేది, నీ స్నేహితులు ఆ మాటలు ముందే అప్పజెబుతూ నవ్వేవాళ్ళు, ఆ పేరుతో సినిమా కూడా తీశారు. బొమ్మ చూసి భయపడాల్సినవాడు పెట్టె కొనడు అబ్బాయ్, ఒక్కటి విడిగా కొంటాడు. విడి సిగరెట్టు మీద బొమ్మెక్కడ?

గుట్కా సంగతి మరీ అన్యాయం. ఆహారపదార్థాల్లో పొగాకు కలపకూడదని 2011 నుంచి నియమం, రాష్ట్రాలు నిషేధాలు విధించాయి. వాళ్ళేం చేశారు? పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం, రెండూ పక్కపక్కన వేలాడదీశారు, కొన్నవాడు నోట్లోనే కలుపుకుంటున్నాడు. మా నాయనమ్మ తమలపాకులో ఇంత పొగాకు కాడ పెట్టుకుని రోజంతా నమిలేది. ఆ కాడ ఏ చేలోదో, ఎవరు ఎండబెట్టారో ఆమెకు తెలుసు. ఈ పొట్లంలో ఏం కలిపారో అమ్మినవాడికీ తెలీదు. ఇరవై ఏళ్ళు నిండని ఆటో కుర్రాడు నోరు వేలెడు కూడా తెరవలేక, మజ్జిగన్నం స్ట్రాతో జుర్రుకోవడం నేను మా వీధిలోనే చూశాను.

ఇంతసేపూ మా కాలం మంచిదన్నాను. అంతా మంచిదే అయితే ఆ కాలపు మనుషులు చాలామంది అరవై దాటకుండా ఎందుకు పోయారని మనవరాలు అడిగింది. దానికి జవాబు నా దగ్గర ఉంది గానీ చెప్పడం కష్టం. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవాళ్ళు, అంటే చుట్టను తిరగేసి నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. పని చేసుకుంటూ, గాలికి నిప్పు ఆరకుండా. 1960ల్లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్ళు చూశారు. అడ్డపొగ అలవాటున్నవాళ్ళ అంగిళ్ళలో మచ్చలు, పుళ్ళు, క్యాన్సర్లు కనబడ్డాయి. చుట్ట పొగ ఊపిరితిత్తుల దాకా వెళ్ళకపోయినా నోటిని వదల్లేదన్నమాట. మా తాత నాలుక మీద పుండు పడింది, రాచపుండన్నారు, తేనె రాశారు, తాయెత్తు కట్టారు, తిరపతికి మొక్కుకున్నారు. చుట్ట మానమని ఒక్కరూ అనలేదు, ఆఖరి నెలలో కూడా నిప్పుకణిక తెచ్చి ఇచ్చింది మేమే. పెద్దల ఎదుట కాల్చకూడదన్న పద్ధతి ఉంది సరే, ఆ పెద్దనే మానమని అడిగే పద్ధతి మాకు లేకపోయింది.

తెలంగాణ వైపు నిజామాబాద్, జగిత్యాల ఇళ్ళల్లో తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని రోజంతా ఆ పొగాకు దుమ్మే పీల్చారు. ఒక్కరూ తాగరు, దగ్గు మాత్రం వాళ్ళది. ఈ ఆకు మీద ఎవరు ఎంత సంపాదించారో లెక్క రాస్తే పొలంలో వంగినవాళ్ళ పేర్లు, చాట ముందు కూర్చున్నవాళ్ళ పేర్లు అడుగున ఉంటాయి.

రాజమండ్రి పొగాకు పరిశోధనా సంస్థకు ఈమధ్య పేరు మార్చారు, వాణిజ్య వ్యవసాయ పరిశోధనా సంస్థ అట, పొగాకు అన్న మాటే తీసేశారు. మొదట ఉడుక్కున్నాను. ఆలోచిస్తే నిజమే అనిపించింది, మా ఊరి చేలల్లో ఇప్పుడు శనగ, మిరప, జామాయిల్ కూడా వేస్తున్నారు. మా బ్యారన్‌లో మా తమ్ముడి కొడుకు మిరపకాయల టిక్కీలు పెట్టుకున్నాడు. అయినా పొగాకు పోలేదు, రేటు బాగున్న ఏడు మళ్ళీ అందరూ నారు పోస్తారు. రైతుకు రేటొచ్చే ఇంకో పంట చూపించకుండా మానమంటే వాడెలా మానతాడు? అది ఢిల్లీ వాళ్ళు తేల్చాల్సిన పని.

నీతో నా పని వేరే ఉంది. ఘాటుండగా ఈ ఆకు తప్పుగా తాగినవాణ్ణి అక్కడే పడగొట్టేది. ఘాటు తీసి, చక్కెర ఉంచి, ఫిల్టరు పెట్టి, ఆఖరికి పొగ కూడా తీసేసి మామిడిపండు వాసన చుట్టి ఇచ్చారు నీకు. లోపల ఉన్నది మాత్రం మా చేలో పురుగును చంపిన ఆ నికోటినే. కళ్ళు తిరగలేదు కాబట్టి ఏమీ కాలేదనుకుంటున్నావు. ఆ పెన్ను ఇటివ్వు. ఇవ్వనంటావా, నీ ఇష్టం, మీ నాన్నకు చెప్పను, ఆ కాలం పోయింది. మానాలనుకునే వాళ్ళకు ఉచితంగా సలహా చెప్పే జాతీయ ఫోను ఒకటుంది, 1800-11-2356. మా తాత కాలంలో లేదది. ఆ నంబరు రాసుకో, రాసే పెన్నుతో.